కారం మిల్లుకి కెమిస్టు కావాలన్నావుగా

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. ఎగుమతి కారానికి ల్యాబ్ మనిషి కావాలని ప్రకటన వేస్తే ఏ డిగ్రీ ఉన్నవాడైనా అప్లై చేస్తున్నాడు, పనికొచ్చేవాడు ఒక్కడూ లేడు అన్నావు. ఫోన్‌లో చెప్తే సగంలోనే "సర్లేరా" అంటావు, అందుకే రాస్తున్నా. ప్రకటన వదిలెయ్, కావలసినవాడిని నువ్వే నెట్‌లో వెతుక్కో. ఉద్యోగాలకి మనుషుల్ని వెతికిపెట్టే మా కన్సల్టెన్సీలో రోజూ చేసే పనే ఇది.

సూత్రాలు పెద్దగా లేవు. ఉద్యోగస్తులు తమ వివరాలు పెట్టుకునే లింక్డిన్ సైట్‌లో వెతికేటప్పుడు ఆండ్, ఆర్, నాట్ (AND, OR, NOT) అనేవి ఇంగ్లీషు క్యాపిటల్స్‌లో కొట్టాలి. ఆండ్ పెడితే రెండు మాటలూ ఉన్నవాళ్ళే వస్తారు. ఆర్ పెడితే ఏదో ఒకటి ఉన్నా వస్తారు. నాట్ పెడితే ఆ మాట ఉన్నవాళ్ళు పోతారు. ఆర్‌తో కలిపినవి బ్రాకెట్లో పెట్టు. "కెమిస్ట్ ఆర్ క్యూసీ ఆండ్ గుంటూరు" అని ఊరికే కొట్టావనుకో (క్యూసీ అంటే క్వాలిటీ కంట్రోల్), అది ఆండ్‌ని ముందు చూసుకుంటుంది, గుంటూరు క్యూసీ వాళ్ళతోపాటు దేశంలో కెమిస్టులందరూ దిగుతారు. రెండు మాటల పేరైతే కొటేషన్లలో పెట్టు. వర్డ్ ఫైల్లోంచి కాపీ చేస్తే వంకర కొటేషన్లు వస్తాయి, అక్కడ అవి పనిచేయవు, చేత్తో కొట్టుకో. ఇదంతా 19వ శతాబ్దంలో జార్జ్ బూల్ అనే ఇంగ్లీషు లెక్కల మాస్టారు పెట్టిన తర్కం. మన రెజ్యూమేల సంగతి ఆయనకి తెలియదు పాపం.

ఏ మాటలు కొట్టాలన్నదే అసలు పని. నువ్వు క్వాలిటీ కెమిస్ట్ అంటావు. అతను క్యూసీ ఎగ్జిక్యూటివ్ అనో, అనలిస్ట్ అనో, ఫుడ్ టెక్నాలజిస్ట్ అనో రాసుకుంటాడు. అవన్నీ ఆర్‌తో కలుపు. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్షకి హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ మిషను తెలియాలన్నావు కదా, ఆ ఒక్క మాటే కొడితే హైదరాబాద్ మందుల కంపెనీల జనమంతా వచ్చిపడతారు, వాళ్ళు వాడేదీ అదే మిషను. వెంటనే "నాట్ ఫార్మా" కొట్టాలనిపిస్తుంది. కొట్టకు. రెండేళ్ళు ఫార్మాలో చేసి ఇప్పుడు మిరపకాయల ల్యాబ్‌లో ఉన్నవాడు కూడా పోతాడు, పోయాడని నీకు తెలియను కూడా తెలియదు. నాట్ అంటే నాకు అందుకే భయం.

దానికి బదులు మీ పని చేసినవాడు మాత్రమే రాసే మాటలు కలుపు. కారం రంగుని ఆస్టా యూనిట్లలో, అంటే అమెరికా మసాలా వ్యాపారుల సంఘం కొలతలో, కొలుస్తారని నాకు చెప్పింది నువ్వే. మందుల కెమిస్టుకి ఆస్టాతో ఏం పని? ఆ మాటో, ఓలియోరెసిన్ (మిరపకాయల నుంచి తీసే చిక్కటి సారం) అనో ఉంటే ఆ ప్రొఫైల్ తెరిచి చూడు.

ఊరు దగ్గర బిగించకు. కొచ్చి మసాలా కంపెనీల్లో చేస్తూ ఇంటికి వచ్చేద్దామనుకునే మన జిల్లా పిల్లలు ఉంటారు. గుంటూరు తీసేసి చదివిన కాలేజీ పేరు పెట్టు. బాపట్లలో ఫుడ్ సైన్స్ కాలేజీయే ఉంది. నాగార్జున యూనివర్సిటీని కొందరు ఏఎన్‌యూ అని రాసి వదిలేస్తారు, రెండూ కొట్టు.

ఫ్రీ అకౌంట్‌తో మరీ ఎక్కువ వెతికితే లింక్డిన్ ఆ నెలకి ఆపేస్తుంది. అప్పుడు గూగుల్‌కి పో. సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా లింక్డిన్ డాట్ కామ్ స్లాష్ ఇన్ అని రాసి, తర్వాత నీ మాటలు. ఆండ్ అక్కర్లేదు, నాట్ బదులు మాటకి ఆనించి మైనస్. ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్ అని పెట్టి రెజ్యూమే అని కలిపితే విడి ఫైళ్ళూ దొరుకుతాయి. మనవాళ్ళు వాటిలో పుట్టినతేదీ, ఇంటి నెంబరు, నాన్న పేరు అన్నీ పెట్టేస్తారు. అవి తీసుకెళ్ళి మీ మిల్లుల వాట్సాప్ గ్రూపులో పడేయకు రా. ఆ పిల్లాడి ఓనరు కూడా అందులోనే ఉంటాడు!

తొడిమలు తీసే ఆడవాళ్ళని కూడా ఇలాగే వెతుకుతానంటే మాత్రం నవ్వుతాను. మేస్త్రీకి ఒక్క మాట చెప్పు, చాలు.

జీతం ఎంత, ఉండటానికి గది ఇస్తావా లేదా, రేపటికల్లా చెప్పు. కొచ్చి నుంచి వచ్చేవాడు ముందు అదే అడుగుతాడు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజా