పర్సు తీయక్కర్లేదన్న ప్యాకేజీపై ఫిర్యాదు

విశాఖపట్నం,
జూన్ 18, 2025.

ఆశీలుమెట్ట బ్రాంచి మేనేజర్ గారికి,

విషయం: జూన్ 4 నుంచి 7 వరకు హైదరాబాద్ థీమ్ పార్క్ ఫ్యామిలీ ప్యాకేజీలో ముందు చెప్పని ఖర్చులు, ఇస్తామని ఇవ్వని సేవలు, రూ. 4,420 వాపసు కోరుతూ.

అయ్యా,

నేను గాజువాకలో ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. మాకు పదకొండేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. మా అత్తయ్య మాతోనే ఉంటారు. మా పిల్లలకి సెలవులంటే ఆర్కే బీచ్, జూ, కైలాసగిరి మీద బొమ్మ రైలు, కురుసుర సబ్‌మెరైన్. సబ్‌మెరైన్‌లో ఏ గది తర్వాత ఏ గది వస్తుందో మా బాబు కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. ఊరు దాటి, రైలెక్కి, ఒక రాత్రి హోటల్లో పడుకునే ట్రిప్పుకి వెళ్ళడం మా ఇంట్లో ఇదే మొదటిసారి.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మీ ఆఫీసులో ఫోనెత్తిన ప్రతి ఒక్కరూ నన్ను చవగ్గా కావాలని గొడవపడే మనిషిలా చూశారు. చవగ్గా ఇమ్మని నేనెప్పుడూ అడగలేదు. మొత్తం ఎంతవుతుందో ముందు చెప్పమని అడిగాను. మూడుసార్లు అడిగాను. మార్చి 28న మీ ఆఫీసుకొచ్చి, మార్చి 30న పది వేలు అడ్వాన్సు కట్టేముందు ఫోన్‌లో, మే 20న మిగతాది కట్టేముందు వాట్సాప్‌లో. వాట్సాప్‌లో మీ వాళ్ళిచ్చిన జవాబు ఇంకా నా ఫోన్‌లో ఉంది: "అన్నీ కలిపే మేడమ్, మీరు పర్సు తీయక్కర్లేదు."

నా లెక్క కూడా చెబుతాను. 40 వేల చీటీ పాడితే చేతికి 38 వేలొచ్చింది. అందులో మీ ప్యాకేజీకి 28,500. దారిలో టీలు, చిరుతిళ్ళు, పిల్లలు ఏదైనా అడిగితే కొనడానికి 3,000. మిగిలిన 6,500 జూన్ 12న బడి తెరిచేసరికి పుస్తకాలకీ బూట్లకీ. ఒక్క రూపాయి కూడా ఖాళీగా లేదు. ఇంకో ఆరేడు వేలు అవుతుందని మీరు మార్చిలోనే చెప్పుంటే దసరా సెలవులకి వాయిదా వేసుకునేదాన్ని. మాకు ఆగడం అలవాటే.

మొదటి దెబ్బ డబ్బు కట్టేచోటే తగిలింది. మీ వెబ్‌సైట్‌లో 28,500 అని చూపించి, చివరి పేజీలో కన్వీనియన్స్ ఫీజు 500, దాని మీద జీఎస్టీ 90 కలిపారు. పైన ఎర్ర అక్షరాల్లో "మూడే ప్యాకేజీలు మిగిలాయి" అని గడియారం తిరుగుతోంది. టెన్షన్‌లో కట్టేశాను. వారం తర్వాత మా ఆడపడుచు చూస్తే అదే పేజీలో అవే మూడు ప్యాకేజీలు, అదే గడియారం.

ఇక రైలు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టే నేను మార్చి నెలాఖరులో అడ్వాన్సు కట్టాను, ఏప్రిల్ మొదటి వారంలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీస్తారని. మీరు తీసింది మే 17న. టికెట్ మీదే ఆ తేదీ ఉంది. వెయిటింగ్ లిస్టు. ప్రయాణం రోజు మధ్యాహ్నం చార్టు వేసేదాకా వెళ్తామో లేదో తెలియక, సర్దిన బ్యాగులు గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాం. దువ్వాడలో రైలెక్కాక తెలిసింది, బెర్తులు నాలుగే. బాబు పేరు పక్కన బెర్తు నంబరు లేదు. టీటీఈ గారు ఓపిగ్గా చెప్పారు: అయిదేళ్ళు నిండి పన్నెండు లోపు పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం, ఈ టికెట్ సగం చార్జీది అని. మీ కాగితంలో మాత్రం "5 స్లీపర్ బెర్తులు" అని ఉంది, డబ్బూ అయిదు బెర్తులకే తీసుకున్నారు. పోతూ వస్తూ రెండు రాత్రులూ ఒకే బెర్తు మీద నేనూ బాబూ ముడుచుకుని పడుకున్నాం. సర్దుకోవడం మాకు కొత్త కాదు. కానీ మిగిలిన ఆ సగం చార్జీ, రెండు వైపులా కలిపి సుమారు 400, ఎవరి జేబులోకి వెళ్ళింది?

తెల్లవారకముందే సికింద్రాబాద్‌లో దిగాం. "పార్కుకు దగ్గర్లో హోటల్" అన్నది కూకట్‌పల్లిలో తేలింది. పార్కు నగరానికి ఆ చివర, హోటల్ ఈ చివర. హోటల్ కుర్రాడు మంచివాడే, పాపం, కానీ రూము మధ్యాహ్నం పన్నెండుకిగానీ ఇవ్వరట. రాత్రంతా రైల్లో వచ్చిన ముసలామెని, పిల్లల్ని స్నానం లేకుండా పార్కుకి ఎలా తీసుకెళ్ళను? ముందే గది ఇవ్వడానికి 800 కట్టాను. గోదావరి పొద్దున్నే చేరుతుందని మీకు తెలియంది కాదు. తొమ్మిదిన్నరకి రావాల్సిన మీ వ్యాను పదకొండుకొచ్చింది. పార్కు చేరేసరికి ఒంటిగంట కావస్తోంది.

గేటు దగ్గర జరిగింది మీరు కాస్త ఓపిగ్గా చదవాలి.

అక్కడ పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్టే. గోడ మీద గీత గీసి, ఒక్కొక్కరినీ నిలబెట్టి చూస్తున్నారు. మా అత్తయ్య చూసి, "ఏటమ్మా, గుంటకి సంబంధమేటైనా సూస్తన్నారేటి, పొడుగు కొలుస్తన్నారు?" అన్నారు. వెనక లైనంతా నవ్వింది. మా పాప 142. తేడా 340 కట్టమన్నారు, కట్టాను. పొద్దున లేచింది మొదలు మెడలో టేపు వేసుకుని తిరిగేదాన్ని నేను. నా కూతురు 56 అంగుళాలని బుకింగ్ రోజే చెప్పగలను. మీ ఫారంలో అడిగింది వయసు. ఎత్తు అడగలేదు. మీరు ఎన్ని కుటుంబాలని పంపుంటారు అక్కడికి? ఆ గీత సంగతి మీకు తెలియదంటే నేను నమ్మను. పెద్దల టికెట్ అయినందుకు పాప మాత్రం మురిసిపోయింది, పెద్ద రైడ్లన్నీ ఎక్కొచ్చని.

అదే కౌంటర్ మీద 60 దాటినవాళ్ళకి వేరే రేటు రాసి ఉంది. మా అత్తయ్యకి 64. ఆమె ఆధార్ కాపీ మీకు ముందే ఇచ్చాను. మీరు పూర్తి టికెట్ తీశారు. రంగులరాట్నం కూడా ఎక్కని మనిషికి!

తర్వాత బట్టలు. నీళ్ళ ఆటల్లోకి కాటన్ బట్టలతో రానివ్వరు. నైలాన్, పాలిస్టర్ లాంటివే వేసుకోవాలి. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, నూగు ఊడి ఫిల్టర్లకి అడ్డం పడుతుంది. బట్టతో బతికేదాన్ని, నాకు తెలుసు. నా కడుపుమంట వేరు. ఈ ట్రిప్పు కోసం మే నెలలో, పెళ్ళిళ్ళ జాకెట్లు నెత్తి మీద ఉన్నా, రాత్రుళ్ళు కూర్చుని పిల్లలిద్దరికీ కొత్త కాటన్ జతలు కుట్టాను. ఎండాకాలం, ఒంటికి హాయిగా ఉంటాయని. వాటితో గేటు లోపల నిలబడి పిల్లలు నీళ్ళవైపు చూస్తుంటే పక్కనే ఉన్న షాపులో నలుగురికీ నాలుగు జతలు కొన్నాను. 2,150. ఆ కుట్టు చూశాను. నడుం దగ్గర ఎలాస్టిక్ ఒకే కుట్టుతో వదిలేశారు. ఒక్క మాట ముందు చెప్పుంటే పూర్ణా మార్కెట్‌లో బట్ట తెచ్చి నాలుగు జతలూ ఆరేడు వందల్లో నేనే కుట్టేదాన్ని, రెండు వరసల కుట్టుతో.

లాకరుకి 200. బయటి తిండి లోపలికి రానివ్వరని మా అత్తయ్య పులిహోర డబ్బా గేటు దగ్గరే ఉండిపోయింది. సరే, "లంచ్ కలిపి" అన్నారు కదా అని మీ కూపన్ చూపిస్తే, లోపల ఏ హోటల్లోనూ అది చెల్లదన్నారు. అయిదుగురం తిన్నందుకు 1,280. సాయంత్రం మీ వ్యాను డ్రైవర్‌కి ఫోన్ చేస్తే, "నాకు వన్ వే అనే చెప్పారమ్మా" అన్నాడు. అతని తప్పేం లేదు. పెద్ద క్యాబ్‌కి 1,350 అయింది.

శుక్రవారం సిటీ టూర్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టారు. శుక్రవారం దానికి సెలవు. గేటుకి వేసిన తాళం ఫొటో జతచేశాను. దీనికి డబ్బేం అడగను, కానీ ఆ ప్లాన్ తయారుచేసిన వారిని ఒకసారి హైదరాబాద్ పంపించండి.

పిల్లలు సంతోషంగా లేరా అంటే ఉన్నారు. అలల కొలనులో మా బాబు "బీచ్ కంటే బాగుందమ్మా, ఉప్పగా లేదు" అన్నాడు. పాప ఒక పెద్ద రైడ్‌ని రెండుసార్లు ఎక్కింది. నేను మాత్రం ఆ రోజంతా మనసులో తీసివేతలు చేస్తూనే ఉన్నాను. నీళ్ళ దగ్గర బాబు ఐస్‌క్రీమ్ అడిగితే వద్దన్నాను. అందుకోసమే 3,000 పక్కన పెట్టుకున్నదాన్ని, వద్దన్నాను. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అదే.

ముందు చెప్పకుండా నా చేత పెట్టించిన ఖర్చు మొత్తం 6,710. అందులో పాప టికెట్ తేడా, బట్టలు, లాకరు కలిపి 2,690 నేను అడగడం లేదు. అవి ఎలాగూ కట్టాల్సినవో, మా దగ్గరే ఉన్నవో. మిగిలినవి మీరు ఇస్తామని ఇవ్వనివి: కన్వీనియన్స్ ఫీజు 590, హోటల్‌కి 800, భోజనం 1,280, క్యాబ్ 1,350. ఇవి 4,020. బాబు బెర్తు 400 కలిపితే 4,420. అత్తయ్య టికెట్‌లో తేడా ఎంతో మీ బిల్లు చూసి మీరే కలపండి. ఆ బిల్లు కాపీ కూడా నాకు పంపండి.

తిరిగొచ్చాక ఆరుసార్లు ఫోన్ చేశాను. అయిదుసార్లు "కాల్ బ్యాక్ చేస్తాం." ఆరోసారి, "రశీదు వెనక కండిషన్లు చదువుకోవాలి మేడమ్." చదివించుకున్నాను. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, కార్యక్రమంలో ఎప్పుడైనా మార్పు చేసే హక్కు మీకుందని ఉంది. ప్రకటనేమో తెలుగులో, కండిషన్లేమో ఇంగ్లీషులోనా? ఆటోల వెనక అంటించిన మీ పోస్టరు మీద "ఒకే రేటు, అన్నీ అందులోనే" అని పెద్ద అక్షరాల్లో తెలుగులోనే ఉంది. నాకెలా తెలుసంటారా, మా ఆయన ఆటో వెనక కూడా అదే ఉండేది. నెలకి మూడు వందలిచ్చేవారు. ఊరి నుంచి వచ్చిన రోజే ఆయన పీకేశారు.

మా దగ్గర జాకెట్లు కుట్టించుకునే లాయరమ్మ గారిని అడిగాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే, అంటే విశాఖపట్నం జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చట. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంది. అయిపోని వాటిని అయిపోతున్నాయని తొందరపెట్టడం, ఒక రేటు చూపించి చివర్లో ఇంకోటి కలపడం, ఈ రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న మార్గదర్శకాల్లో నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని మాయచేసే పద్ధతుల్లో, ఉన్నాయని కూడా చెప్పారు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయమన్నారు. మీకు ఒక అవకాశం ఇద్దామని ఇంకా చేయలేదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డబ్బు నేను కట్టిన ఖాతాకే తిరిగి వేయండి. వచ్చే ట్రిప్పుకి 10 శాతం డిస్కౌంట్ కూపన్ ఇస్తామని మీ కుర్రాడు ఆరోసారి ఫోన్‌లో అన్నాడు. ఆ కూపన్ నాకొద్దు.

ఇంకొకటి, దీనికి మీకు పైసా ఖర్చు లేదు. మీ బుకింగ్ ఫారంలో పిల్లల వయసు పక్కన ఎత్తు అనే గడి ఒకటి పెట్టండి. కింద తెలుగులో నాలుగు ముక్కలు రాయండి: నీళ్ళ ఆటలకి కాటన్ పనికిరాదు, లాకరుకి వేరే డబ్బు, హోటల్ గది పన్నెండుకే, బయటి తిండి రానివ్వరు. మా వీధిలోనే ఇంకో రెండు కుటుంబాలు దసరాకి పిల్లల్ని తీసుకెళ్ళాలని చూస్తున్నాయి. ఏమేం కావాలో ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. వాళ్ళ పిల్లల ఎత్తులు కొలిచి రాసిచ్చాను. ఈత బట్టలూ నేనే కుడుతున్నాను.

ఇట్లు,
మీ బుకింగ్ రశీదులో పేరు, ఫోన్ నంబరు ఉన్న కస్టమర్,
గాజువాక.

జతచేసినవి: బుకింగ్ రశీదు, మే 20 నాటి వాట్సాప్ సందేశం, రైలు టికెట్లు, హోటల్, భోజనం, క్యాబ్ బిల్లులు, మ్యూజియం గేటు ఫొటో, ఆటో మీంచి పీకిన పోస్టరు ముక్క.