షుగర్ పేషెంట్లకి కూడా మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

షుగర్ గురించి మీ పేపర్లో తరచూ వస్తూనే ఉంటుంది, ఏం తినాలి ఏం తినకూడదు రోజుకి ఎంతసేపు నడవాలి అని, కానీ ఆ నడిచే కాళ్ల సంగతి ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నకి షుగర్ వచ్చి పదిహేనేళ్లయింది. పోయినేడాది ఒకరోజు బజారుకెళ్లి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు, రెండోది దార్లో ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలీనే లేదు. మతిమరుపు అని అందరం నవ్వాం. షుగర్ వల్ల అరికాళ్లకి స్పర్శ పోయిందని ఎవరికి తట్టింది? బొటనవేలి మొదట్లో ఆనెకాయ కాస్తే బ్లేడుతో తనే గీక్కునేవాడు, నొప్పి లేదు కదా మరి. దాని కిందే పుండు పడి, చీము పట్టి, చివరికి వేలు తీసేశారు. ఆపరేషన్‌కి ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు పనిచేసింది, రూపాయి కట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. డిశ్చార్జ్ రోజు డాక్టరు గారు మళ్లీ పుండు పడకుండా ఇన్‌సోల్ (చెప్పులో పాదం కింద వేసుకునే మెత్తటి అట్ట) చేయించుకోమని చీటీ రాసిచ్చారు. అడిగితే అది కార్డులో రాదన్నారు!

గుంటూరులో ఒకాయన దగ్గర చేయించాం. మెత్తటి ఫోమ్ పెట్టెలో కాలు నొక్కించి అచ్చు తీసి, పాత పుండు మచ్చ ఉన్నచోట గుంట వదిలి, బరువు పాదమంతా సర్దుకునేలా పొరల మీద పొర అతికించి చేశాడు. చూట్టానికి రబ్బరు ముక్కే. ఆన్‌లైన్లో డయాబెటిక్ అని రాసి అమ్మే జెల్ ముక్కలు మాత్రం దీనికి పనికిరావు, అవి ఎవరి కాలికీ కొలిచి చేసినవి కావు. చెప్పులతో కలిపి నాలుగు వేలు దాటింది, పైగా నడిచేకొద్దీ అణిగిపోతుంది, కొన్నాళ్లకి మళ్లీ మార్చాల్సిందే. కూలికెళ్లేవాళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారండీ. (మా నాన్న చెప్పు తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూసుకోవడం నేర్చుకున్నాడు గానీ గుళ్లో ఎండకి కాలిన బండల మీద మాత్రం ఇంకా ఉత్తకాళ్లతోనే, ఎంత చెప్పినా వినడు.)

ఇదేమీ ప్రభుత్వానికి తెలీని విషయం కాదు. కుష్ఠు రోగులకి మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్) రబ్బరు చెప్పులు ఎప్పట్నుంచో ఉచితంగా ఇస్తున్నారు, వాళ్లదీ ఇదే బాధ, స్పర్శ ఉండదు, తెలీకుండా పుండ్లు పడతాయి. 1946లో తమిళనాడులోని రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ రోగులతో ఏళ్ల తరబడి పనిచేసి, స్పర్శ లేని కాలికి ఒకేచోట పదేపదే ఒత్తిడి పడటం వల్లే పుండు అవుతుందని చూపించారు, తర్వాత అమెరికా వెళ్లి షుగర్ కాళ్లకీ అదే ఆలోచన వాడారు. మన పక్క రాష్ట్రంలో మొదలైన పని మన పేషెంట్లకే అందట్లేదు.

దేశంలో 10 కోట్లు దాటి షుగర్ పేషెంట్లున్నారని 2023లో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సర్వే చెప్పింది, అంతమందికీ ఇన్‌సోల్ అక్కర్లేదు, స్పర్శ పోయినవాళ్లకి, ఒకసారి పుండు పడి మానినవాళ్లకి ముందు ఇవ్వండి. ఎవరెవరో తేల్చడానికి పెద్ద మిషన్లు కూడా వద్దు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని నైలాన్ పోగు ఉంటుంది, కళ్లు మూసుకోమని అది వంగేదాకా అరికాలికి ఆనిస్తే తెలిసిందో లేదో పేషెంటే చెప్తాడు, ఐదు నిమిషాల పని. బీపీ, షుగర్ చూడ్డానికి ఏఎన్ఎంలు ఎలాగూ ఇళ్లకి వస్తున్నారు కాబట్టి చెప్పులు విప్పించి కాళ్లు కూడా చూడమనండి, ఇన్‌సోల్, చెప్పులు కార్డులో చేర్చండి, కనీసం జిల్లా ఆసుపత్రిలో అచ్చు తీసే మనిషిని ఒకర్ని పెట్టండి.

ఇట్లు
ఒక పాఠకుడు, తెనాలి