సైబర్ నేరాల విభాగం అధిపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మూడుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నా జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందు పెడుతున్నాను.

మా అన్నయ్య ఫొటోగ్రాఫర్. కొత్త కెమెరా కోసం పాతదాన్ని ఆన్‌లైన్‌లో అమ్మాడు. కొన్న వ్యక్తి డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించాడు. బ్యాంకు పేరుతో మెసేజ్ కూడా వచ్చింది. కెమెరా చేతులు మారింది, ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు. ఇప్పుడు పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఒప్పుకున్న పనులు వదులుకున్నాడు. నష్టం కన్నా, 'చదువుకున్నవాడివి, ఎలా మోసపోయావు?' అన్న మాటే ఆయన్ను ఎక్కువగా కుంగదీసింది. ఆ ప్రశ్న మీ సిబ్బంది కూడా అడిగారు.

స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారు చేయగలరు. మెసేజ్ పంపినవారి పేరునూ మార్చగలరు. మన బ్యాంకు యాప్‌ను మనమే తెరిచి చూసుకున్నదే రుజువు. 'పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి' అనడం, అవతలివాళ్లు ఇచ్చిన లింకులో నకిలీ మధ్యవర్తి సైటు (వస్తువు చేరేదాకా డబ్బు తమ దగ్గర ఉంచుతామని నమ్మించేది) ఉండటం కూడా ఇలాంటి ఎత్తులే. ఈ సంగతులు బాధితుడికి పోగొట్టుకున్నాకే తెలుస్తున్నాయి.

మా ఫిర్యాదులో కెమెరా సీరియల్ నంబరు ఇచ్చాం. దాన్ని పాత వస్తువులు అమ్మే వేదికలన్నిటికీ పంపండి. నిందితుడి ఖాతా వివరాలు, సంభాషణలు చెరిగిపోకముందే భద్రపరచమని ఆదేశించండి. దర్యాప్తు ఎవరికి అప్పగించారో 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి.

భవదీయురాలు,
ఒక బాధితుడి చెల్లెలు