పైడిగాడికి జెండాగాడు రాయునది

గోపాలపట్నం,
ఆదివారం, అన్నం తిన్నాక.

ఒరేయ్ పైడీ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. సంక్రాంతికి ముందు నువ్వు మస్కట్ నుంచి రాసిన ఉత్తరానికి మాఘం అయిపోతుంటే జవాబు రాస్తున్నాను. తప్పే. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే సగంలో నవ్వేసి కథ చెడగొడతావు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఈ కథ చెడిపోడానికి వీల్లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ఇంటి కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తా. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి, ఇంటాయన అద్దె అయిదొందలు పెంచాడు, మా ఆవిడకి నీ మీద కోపం ఇంకా పోలేదు (కుక్కర్ మూత సంగతి నేను చెప్పలేదు, ఒట్టు). అయిపోయాయి.

ఇప్పుడు విను. పోయిన ఉత్తరంలో నా ఉద్యోగం గురించి ఏం రాశావో గుర్తుందా? "డిప్లొమా చదివి జెండా ఊపుకుంటున్నావా" అని. చదివి నవ్వాను కానీ, నిజం చెప్పాలంటే రెండు రోజులు గుచ్చుకుంది. ఇంకెవడైనా అంటే ఊరుకునేవాణ్ణి కాదు. సరే, పోయిన బుధవారం రాత్రి నేను నిజంగానే జెండా పట్టుకుని నడిచాను. నా వెనకాల ఎవరు నడిచారో చెబితే నమ్మవు. ఆగు, వరసలో చెప్పనీ.

సబ్బవరం ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేవురా. మనం బస్సు తప్పిపోయి రెండు టీలు తాగి తిరిగొచ్చేసిన సబ్బవరం కాదు. అనకాపల్లి, ఆనందపురం మధ్య ఆరు వరుసల రోడ్డు వచ్చేసింది. రాయపూర్ నుంచి 464 కిలోమీటర్లు వచ్చే ఇంకో ఆరు వరుసల రోడ్డు కూడా అక్కడికే వచ్చి దాన్లో కలుస్తుంది. ఆ చుట్టుపక్కలే మాదొకటి. ఎటు చూసినా ఎర్రమట్టి గట్లు, టిప్పర్లు. ఇంటికొచ్చేసరికి నా చొక్కా రంగు చూసి ఆ రోజు ఏ ఊరి మట్టి తోలారో మా అమ్మ చెప్పేస్తుంది.

రోడ్డు వేసేవాళ్లు వేరు, నేను వేరు. ఆ వేసేవాళ్ల బళ్లు, ఊళ్లోవాళ్ల బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడటం నా పని. టిప్పర్ మీద పట్టా కట్టారా, దుమ్ము లేవకుండా ట్యాంకర్ నీళ్లు కొట్టిందా, బడి గంట కొట్టే వేళ బళ్లు ఆపారా, ఇవన్నీ. టిప్పర్ డ్రైవర్లకి ట్రిప్పు లెక్కన డబ్బులు. ఎక్కువ ట్రిప్పులు తోలితేనే చేతికి నాలుగు రూకలు మిగిలేది. మరి ఊళ్లో 20 దాటొద్దని బోర్డు పెడితే ఎవడు చూస్తాడు? అందుకే పొద్దున్నే టీ పోయించి బతిమాలుకుంటాను. ఒక్కోసారి తిడతాను. ఏదీ పెద్దగా పనిచెయ్యదు, బడి దగ్గర నేనే వెళ్లి రోడ్డు మీద నిలబడటం తప్ప.

బుధవారం రాత్రి గర్డర్లు, అంటే వంతెన దూలాలు, ఎక్కించే పని. మా రోడ్డు ఒక పాత రోడ్డుని పైనుంచి దాటాలి. అటూ ఇటూ స్తంభాలు లేచాయి, వాటి మీద సిమెంటు గర్డర్లు పెట్టాలి. ఒక్కోటి 30 మీటర్ల పొడవు, 60 టన్నుల పైమాటే. రెండు క్రేన్లు చెరో కొస పట్టుకుని లేపుతాయి. అది గాల్లో ఉన్నంతసేపు కింద పిట్ట కూడా తిరక్కూడదు. కాబట్టి రాత్రి 11 నుంచి తెల్లారగట్ల 4 దాకా పాత రోడ్డు మూసేసి, బళ్లన్నిటినీ చెరువుగట్టు దారిలో మళ్లించాలి.

ఆ ప్లాన్ నేనే రాశానురా! కిలోమీటరు ముందు 'ముందు రోడ్డు పని' అని పసుపు బోర్డు, అర కిలోమీటరు దగ్గర డైవర్షన్ బోర్డు, ఆ తర్వాత వేగం బోర్డు, అప్పుడు కోన్లు. కోన్లని రోడ్డుకి అడ్డంగా ఒక్కసారి పెట్టెయ్యకూడదు. ఏటవాలుగా పెట్టుకుంటూ రావాలి, చీకట్లో వచ్చేవాడికి రోడ్డు సన్నబడుతోందని ముందే తెలియాలి. నువ్వు నవ్వుతావని తెలుసు. కోన్లు పేర్చడానికి ఇంత చదువా అని. నవ్వు.

పోలీసులు అడిగినవీ, అడగనివీ అన్నీ రాశాం. అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం బళ్లు తెల్లారకముందే పోతాయి కాబట్టి 4కల్లా రోడ్డు వదిలెయ్యాలని రాశాం. అంబులెన్సు వస్తే ఏం చెయ్యాలో రాశాం. అసలీ పని పోయిన ఆషాఢంలో అవ్వాల్సింది. పున్నమికి సింహాచలం గిరి ప్రదక్షిణ కదా, 32 కిలోమీటర్లు జనం, పోలీసులంతా అటే ఉంటారు, ఇప్పుడు కుదరదన్నారు. వాయిదా పడి పడి మాఘానికొచ్చింది. ఆషాఢంలో ప్రదక్షిణ ఉంటుంది, పెళ్లిళ్లుండవు. మాఘంలో ప్రదక్షిణ ఉండదు, పెళ్లిళ్లే పెళ్లిళ్లు! ఈ రెండో ముక్క మా ఆఫీసులో ఒక్కడికి తట్టలేదు. కంప్యూటర్‌లో క్యాలెండర్ చూశాం గానీ గోడ మీద పంచాంగం చూడలేదు.

మొదటి గర్డరు చక్కగా కూర్చుంది. ఒంటిగంట దాటాక రెండోది లేపారు. మంచు పడుతోంది, లైట్ల వెలుగులో పొగలాగా. 1:50కి చెరువుగట్టు దగ్గరున్న కుర్రాడు వాకీటాకీలో, "సార్, ఇక్కడ బ్యాండుమేళం ఉంది" అన్నాడు. ఏంటంటే అదే మాట మళ్లీ అన్నాడు. వెనకాల సన్నాయి వినబడుతోంది.

పరుగెత్తాను. గట్టు మీద పెళ్లి బస్సు, దాని వెనక పూలు కట్టిన కారు, వెనక రెండు ఆటోలు, ఇంకా ఏవో బళ్లు. బస్సుకి ఎదురుగా, దారికి అడ్డంగా మా టిప్పర్లు రెండు.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. ఆ టిప్పర్లని అక్కడ పెట్టమన్నది నేనే. సాయంత్రం మెయిన్ రోడ్డు మీద అడ్డంగా ఉన్నాయని, "గట్టు పక్కకి తీసిపెట్టండ్రా" అన్నాను. గట్టుకి పక్క ఎక్కడిది? అటు నీళ్లు, ఇటు పొలం. నేను రాసిన డైవర్షన్‌కి నేనే అడ్డం పెట్టుకున్నాను. ఈ మాట మా మేనేజర్‌కి ఇంకా చెప్పలేదు, నీకే చెబుతున్నా.

తీయిద్దామంటే డ్రైవర్ లేడు. తాళం వేసుంది, ఫోన్ మోగడం లేదు. బళ్ల కింద చూశాం, టీ బడ్డీ వెనక చూశాం, గట్టు కింద టార్చి వేసి చూశాం. నా గుండె జారిపోయింది, చెరువులో గానీ... సరే, అది వదిలెయ్.

ఈలోగా పెళ్లికూతురి అమ్మమ్మ దిగింది. ఎనభై ఏళ్లుంటాయి, మనిషి గుప్పెడంత. "ఏటి బాబూ, రోడ్డు మీ తాతదేటి? ముగూర్తం రెండూ యాభై రెండు. దాటిపోతే నువ్వు కడతావేటి తాళి?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే కొట్టేటట్టుంది.

బస్సు వెనక్కి తీద్దామంటే చీకట్లో గట్టు మీద ఎవడూ ధైర్యం చెయ్యలేదు. పెళ్లి ఊరు వంతెన అవతల ఆరు కిలోమీటర్లు. వాళ్లలో ఒక పెద్దాయన, "పైన ఆడుతున్నాది కదా బాబూ, మేం కిందనుంచి గబుక్కున ఎల్లిపోతాం" అన్నాడు. తల ఎత్తి చూశాను. 60 టన్నులు తాళ్ల మీద వేలాడుతోంది. పెళ్లివారి గొడవకి, కొసన తాడు పట్టుకున్న కుర్రాళ్లు తల తిప్పి ఇటే చూస్తున్నారు. గర్డరు కొస ఒక్క జానెడు పక్కకి కదిలింది. క్రేన్ ఆయన కేక వేశాడు. పైడీ, అప్పుడు నా కాళ్లు నా మాట వినలేదురా.

పోయినేడు మా ఫ్లాగ్‌మన్, అంటే జెండాతో బళ్లు ఆపే ఒకతన్ని, రాత్రి ఒక బండి గుద్దేసింది. రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకునే ఉన్నాడు, చేతిలో లైటు ఉంది. కాలు విరిగింది, బతికాడు. ఆసుపత్రిలో నన్ను చూసి మొదట అడిగింది ఆ రోజు హాజరు వేశారా అని. నీకప్పుడు రాయలేదు. ఇప్పుడూ ఎందుకు రాస్తున్నానో. నువ్వు విశాఖలో ఎన్ఏడీ కూడలి ఫ్లైఓవర్ కట్టేటప్పుడు ఒకతన్ని ఆపాడని బూతులు తిట్టావు చూడు, ఎండలో, తలకి తువ్వాలు చుట్టుకున్నతన్ని... సరే, నేనూ పక్కనే ఉండి నవ్వాను.

అడిగితే, ఆ గర్డరు దింపి పక్కకి ఒరగకుండా కట్టేదాకా క్రేన్ కొక్కెం వదలరు, నలభై నిమిషాలు తక్కువ కాదన్నారు. అంటే రెండున్నర పైమాటే. అప్పుడు వచ్చిందా ఆలోచన. క్రేన్ చెయ్యి అందనంత దూరంగా పొలంగట్టు మీద నడిస్తే, రెండొందల మీటర్లలో అవతలి రోడ్డు ఎక్కొచ్చు. అక్కడ మా బొలేరో ఉంది. పెళ్లికూతుర్నీ, నలుగురినీ నడిపిస్తే చాలు, మిగతావాళ్లు నెమ్మదిగా వస్తారు.

అందరూ సరేనన్నారు. మా సేఫ్టీ ఆయన అడ్డుపడ్డాడు. సైటులోకి ఎవరొచ్చినా హెల్మెట్, జాకెట్ ఉండాల్సిందే అని. పెళ్లికూతురికి కూడానా అన్నాను. "తలకాయ లేదా ఆమెకి?" అన్నాడు. మనిషి మొండి గానీ, మాట తప్పు కాదు. ఆ పిల్లకి పూలజడ, తల నిండా పూలు. హెల్మెట్ చూసి తల్లి ఏడుపు మొదలెట్టింది, పెళ్లిపూట ఈ ఇనప టోపీ ఏంటని. అది ప్లాస్టిక్ అమ్మా అన్నాను, వినే స్థితిలో లేదు. అప్పుడు ఆ అమ్మమ్మ హెల్మెట్ తీసుకుని లైటు కింద తిప్పి చూసింది. "పసుపే కదేటి. పెట్టుకోయే" అంది. పిల్ల పెట్టుకుంది. పట్టుచీర మీద నారింజ రంగు జాకెట్ కూడా వేసుకుంది. అమ్మమ్మకి పెట్టబోతే నా చేతి మీద ఒక్కటిచ్చి తనే పెట్టుకుంది. కళ్ల దాకా దిగిపోయింది.

అలా బయల్దేరాం. ముందు నేను, చేతిలో పచ్చ జెండా. ఎందుకు పట్టుకున్నానో తెలీదు, అలవాటు. వెనక హెల్మెట్ పెట్టుకున్న పెళ్లికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని మంచులో తడిసిన గట్టు మీద. ఆమె వెనక అమ్మమ్మ, మేనమామ, పళ్లెం పట్టుకుని ఒకావిడ. గట్టు మీంచి సన్నాయి ఆపలేదు వాళ్లు. పైన గర్డరు అంగుళం అంగుళం దిగుతోంది. మధ్యలో ఆ పిల్ల, "అన్నయ్యా, ఈ రోడ్డు అయిపోతే మా అత్తోరింటికి తొందరగా ఎల్లొచ్చా?" అని అడిగింది. వెళ్లొచ్చమ్మా అన్నాను. "మరి రావడానికి?" అంది. రావడానికి కూడా అదే రోడ్డమ్మా అంటే కిసుక్కున నవ్వింది.

2:20కి బొలేరో ఎక్కించాను. హెల్మెట్లు తిరిగి తీసుకోవడం మర్చిపోయాం.

2:40కి టిప్పర్ డ్రైవర్ దొరికాడు. ఎక్కడో చెప్పు? టిప్పర్ పైనే! గ్రావెల్ లోడు మీద పట్టా కప్పుకుని నిద్ర. నేను రోజూ మొత్తుకునే పట్టా, ఆ రోజు మాత్రం గట్టిగా కట్టుకున్నాడు. కొట్టబోయి ఆగాను, పొద్దున్నుంచి ఎన్ని ట్రిప్పులు తోలాడో లాగ్‌షీటులో నేనే సంతకం పెట్టాను కదా.

ముహూర్తం అందిందో లేదో తెలీదు. మూడో గర్డరు లేపుతున్నారు, నాకు దాని మీద ధ్యాస లేదు. మూడున్నరకి బొలేరో తిరిగొచ్చింది. డ్రైవర్ దిగాడు, ఏం మాట్లాడకుండా టీ తాగాడు. లైటు వెలుతుర్లో చూస్తే వాడి జుట్టు నిండా అక్షింతలు.

4:05కి రోడ్డు వదిలాం. అయిదు నిమిషాలు ఆలస్యం. మొదటి బెల్లం బండి అతను నన్ను తిట్టుకుంటూనే పోయాడు.

మర్నాడు రిపోర్టు రాయమన్నారు. 'ఆలస్యానికి కారణం' అన్నచోట ఏం రాయాలో తోచక 'ముహూర్తం' అని రాశాను. మేనేజర్ పైకి పంపాడు, కిందికి రాలేదు. ఇప్పుడు ఆఫీసులో ప్రింటర్ పైన పంచాంగం వేలాడుతోంది, వచ్చే మూసివేత ఎప్పుడో దానిలో చూసి పెట్టమని నాకే చెప్పారు. మా నాన్నుంటే సంతోషించేవాడు, నాకు తిథులు రావని ఎంత...

ఆగు, ఫోన్. గట్టు దగ్గర డైవర్షన్ బోర్డు ఎవరో ఎత్తుకుపోయారట. ఇనుము కదా, కిలోల లెక్కన అమ్మేస్తారు. ఈ నెలలో ఇది మూడోది. చీకటి పడేలోగా ఇంకోటి పెట్టాలి, వెళ్తున్నా.

అసలు ముక్క మర్చిపోయాను. ఆ పెళ్లికొడుకు ఎవరి తమ్ముడో మొన్న తెలిసింది. మూడో బెంచీ, గొడుగు. అర్థమైందా? వచ్చే ఉత్తరంలో రాస్తా, అప్పటిదాకా

నీ
జెండాగాడు