మీ కాన్పు కిట్టులోంచి పాలసీసా, తేనె నిపుల్, ఆవాల దిండు తీసేయాలని ఫిర్యాదు

నల్లగొండ

కస్టమర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: నెలలు నిండిన గర్భిణుల కోసం మీరు అమ్ముతున్న కాన్పు కిట్టులో బిడ్డకు హాని చేసే వస్తువులు ఉండటం, అందులోని పుస్తకంలో తప్పు సలహాలు ఉండటం గురించి.

అయ్యా / అమ్మా,

మేం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కాన్పు వార్డుల్లో పనిచేస్తున్న, పనిచేసి రిటైరైన నర్సులం. 'దవాఖానకు పోయేముందు ఈ ఒక్క సంచి చాలు' అని మీరు అమ్ముతున్న కిట్టు ఈ మధ్య వార్డుల్లోకి బాగా వస్తోంది. కూతురిని తొలి కాన్పుకు తల్లిగారింటికి తెచ్చుకుంటారు. హైదరాబాద్‌లో ఉండే అల్లుడో అన్నో ఫోన్‌లో బుక్ చేస్తే దేవరకొండకో అచ్చంపేటకో పార్సిల్ వస్తుంది. అందులో ఉన్నదంతా డాక్టర్లు చూసి పెట్టిందేనని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. సంచి కుట్టు, జిప్పు, దోమతెర బాగున్నాయి, వాటి గురించి మాకేం ఫిర్యాదు లేదు. మా ఫిర్యాదు లోపల పెట్టిన కొన్ని వస్తువుల మీద, అంతకంటే ఎక్కువగా వాటితో ఇచ్చిన పుస్తకం మీద.

ముందు పాలసీసా సంగతి. 125 మిల్లీలీటర్ల సీసా, రెండు నిపుల్స్, పైన 'ఉచితం' అని స్టిక్కర్. పుట్టిన రోజు బిడ్డ పొట్టలో ఒక్క తడవకు పట్టేది 5 నుంచి 7 మిల్లీలీటర్లే, అంటే చిన్న చెంచాడు. తల్లికి ఊరే ఆ కాసిన్ని ముర్రుపాలు దానికి సరిగ్గా సరిపోతాయి. పక్కనే 125 గీత దాకా ఉన్న సీసా కనబడితే మాత్రం 'నీకు పాలు పడలేదు' అని చుట్టూ ఉన్నవాళ్లే బాలింతను బెదరగొడతారు. మీ పుస్తకంలో 'పాలు పడేవరకు డబ్బాపాలు ఇవ్వవచ్చు' అని అచ్చేసి ఆ భయాన్ని మీరు ఖాయం చేశారు. నిపుల్ నుంచి ఊరికే కారే పాలకు అలవాటు పడ్డ నోరు రొమ్మును లోతుగా పట్టదు. పట్టి చప్పరిస్తేనే కదా పాలు ఊరేది! చప్పరించకపోతే ఊట తగ్గుతుంది, తగ్గిందని మళ్లీ సీసా ఇస్తారు. బాగా పాలు పడాల్సిన మూడో రోజు, నాలుగో రోజు నాటికి రొమ్ములు గడ్డకట్టి తల్లి ఏడుస్తుంటుంది, బిడ్డ సీసా కోసం ఏడుస్తుంటుంది.

మా దగ్గర దీనికి ఇంకో ప్రమాదం తోడవుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎంతమంది ఎముకలు వంచిందో దేశమంతా చూసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా ఊరి పేరే ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక బాధ చాలా తగ్గింది. కానీ పైపు ఆగిన రోజు మళ్లీ బోరే దిక్కు. మీ పుస్తకమేమో 'నీటిని 20 నిమిషాలు బాగా మరిగించి పొడి కలపండి' అంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. తల్లిపాలలోకి ఫ్లోరైడ్ దాదాపుగా రాదు. అట్లాంటి పాలు తల్లి దగ్గర ఉండగా, ఈ నీళ్లతో కలిపిన సీసాను మీరు ఉచితంగా చేతికిస్తున్నారు.

ఇది చట్టానికీ విరుద్ధం. 1992లో వచ్చి 2003లో సవరించిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం డబ్బాపాలకు గానీ పాలసీసాలకు గానీ ప్రకటన ఇవ్వకూడదు. వాటి వాడకం పెంచడానికి గర్భిణులకు, బాలింతలకు శాంపిళ్లు, కానుకలు ఇవ్వకూడదు. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. 'ఉచితం' అన్న ఆ స్టిక్కరే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. బిడ్డకు బలం లేక రొమ్ము పట్టలేనప్పుడు, తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు పిండిన పాలు పట్టడానికి స్టీలు ఉగ్గుగిన్నె ఉంటే చాలు. మూల మూలకూ కడగొచ్చు, పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే శుభ్రమవుతుంది, నిపుల్ రంధ్రంలో పాల జిడ్డు మిగిలే బెడద ఉండదు. సీసా బదులు అది పెట్టండి.

తేనె నింపిన నిపుల్‌ను వెంటనే ఆపాలి. తేనెలో బొటులిజం క్రిమి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు, పసిగుడ్డు పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మొదట మలబద్ధకం వస్తుంది, తర్వాత ఏడుపు నీరసిస్తుంది, మెడ వాలుతుంది, చివరికి ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. ఏడాది నిండేదాకా తేనెను నాలుకకు కూడా రాయకూడదు. పుట్టగానే తేనె నాకించే అలవాటు మాన్పించడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెబుతుంటే, మీరు దాన్ని ప్యాక్ చేసి పంపుతున్నారు.

తల గుండ్రంగా రావాలని పెట్టిన ఆవాల దిండూ వద్దు. పసిబిడ్డను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, ముఖం దగ్గర దిండు గానీ మెత్తటి బొమ్మ గానీ ఉండకూడదు. దిండు మీద తల వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఆ సన్నటి గొంతు ముడుచుకుపోయి గాలి ఆడదు. టాల్కం పౌడర్ కూడా అంతే. డబ్బా తట్టినప్పుడు లేచే సన్నటి దుమ్ము నేరుగా బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తొడ సందుల్లో తడితో కలిసి ముద్దకట్టి చర్మం ఒరుసుకుపోతుంది.

చేతులకు తొడిగే మిటెన్స్‌ను ఒకసారి తిరగేసి చూడండి. మేం చూసిన జతల్లో లోపలి కుట్టు దగ్గర రెండంగుళాల దారప్పోగులు వేలాడుతున్నాయి. బిడ్డ వేళ్లు కదిలిస్తుంటే ఆ పోగు వేలికి చుట్టుకుని బిగుస్తుంది. వేలు ముందు ఎర్రబడి ఉబ్బుతుంది, తర్వాత నీలంగా మారుతుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే కడుపునొప్పి అనుకుంటారు, దిష్టి తీస్తారు, మిటెన్ తీసి వేలు చూడాలని మాత్రం ఎవరికీ తోచదు. గంటలు గడిస్తే ఆ వేలికే ముప్పు. కుట్టు బయటివైపు వచ్చేలా కుట్టించండి, లేదా మిటెన్స్ అసలే పెట్టకండి. గోళ్లు గీరుకోకుండా నిద్రలో ఉన్నప్పుడు కత్తిరిస్తే సరిపోతుంది.

బట్టల మీద 'నూరు శాతం కాటన్' అని రాశారు. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తే చాలు, నిజం తెలుస్తుంది. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. మీ పోగు కరిగి నల్లటి గట్టి పూస అయింది, అంటే పాలిస్టర్ కలిసింది. దానికి తోడు టోపీ ఉన్న ఫ్లీస్ దుప్పటి! మే నెలలో నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. పుట్టిన కొద్దిసేపు టోపీ, వెచ్చదనం అవసరమే, దానికి తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టి పైన పలచటి గుడ్డ కప్పితే సరిపోతుంది. ఆ తర్వాత అంత ఎండలో దుప్పటి చుడితే బిడ్డ ఒళ్లు కాగి, పాలు తాగకుండా మగతగా పడి ఉంటుంది. ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీర ముక్కలు మీ దుప్పటి కంటే వెయ్యి రెట్లు నయం. అవి 25, 30 ఉంటే మూడు రోజులు గడుస్తాయి.

డైపర్లు ఆరు పెట్టారు, అవీ ఎస్ సైజు. మా దగ్గర రెండున్నర నుంచి మూడు కిలోల బిడ్డలే ఎక్కువ. ఎస్ సైజు నడుము దాటి బొడ్డు మీదికి ఎక్కుతుంది, తడి అంతా బొడ్డుకు తగులుతుంది. బొడ్డు పొడిగా ఉంటేనే ఎండి రాలుతుంది, దాని మీద నూనె, పసుపు, పౌడర్ ఏదీ వేయకూడదు. న్యూబార్న్ సైజు పెట్టి, పై అంచును బొడ్డు కిందికి మడవమని బొమ్మ వేసి చూపండి. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసన వచ్చినా దవాఖానకు తీసుకురమ్మని కూడా రాయండి.

తల్లికి పెట్టింది మరీ అన్యాయం. పలుచటి ప్యాడ్లు ఐదు. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో మూడు నాలుగు గంటలకోసారి మార్చాలంటే మూడు రోజులకే 20 దాకా కావాలి. పైపొర ప్లాస్టిక్ జాలీ కాకుండా మెత్తటి కాటన్ ఉండాలి, లేకపోతే కుట్లకు అంటుకుని లాగుతుంది. గంటలోనే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే వెంటనే నర్సుకు చెప్పాలన్న ఒక్క మాట ప్యాక్ మీద ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. మీ నైటీకి జిప్పు వీపు వైపు ఉంది, పాలెట్లా ఇస్తుంది? లోదుస్తుల ఎలాస్టిక్ సరిగ్గా ఆపరేషన్ కోత మీద కూర్చుంటుంది. నడుము పైదాకా వచ్చే, రెండు సైజులు పెద్దవి కావాలి. ఇన్ని పెట్టిన సంచిలో కాగితాలు దాచుకునే ఫైలు మాత్రం లేదు. తల్లీబిడ్డ కార్డు, ఆధార్, స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం ఒకచోట లేకపోతే రాత్రిపూట వార్డులో ఎంత సమయం పోతుందో మాకు తెలుసు.

ఇక పుస్తకం. 'సంచి 38వ వారంలో సర్దుకోండి' అన్నారు. 37 వారాలు నిండితే కాన్పు ఎప్పుడైనా రావచ్చు, బీపీ పెరిగినా ఉమ్మనీరు పోయినా అంతకంటే ముందే రావచ్చు. 34వ వారానికి సంచి తలుపు పక్కన ఉండాలి, కవలలైతే ఇంకా ముందే. 'నొప్పులు ఐదు నిమిషాలకోసారి వస్తే బయలుదేరండి' అని మరో మాట. నల్లమల అంచు ఊళ్ల నుంచి, దేవరకొండ తండాల నుంచి రావాల్సినవాళ్లు అప్పటిదాకా ఆగితే దారిలోనే కాన్పు అవుతుంది. పైగా నొప్పులు లేకుండానే పరుగెత్తాల్సిన సందర్భాలు ఉన్నాయి, అవి మీ పుస్తకంలో ఎక్కడా లేవు. ఉమ్మనీరు పోవడం, అందులోనూ ఆకుపచ్చగా పోవడం, రక్తం కనబడటం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్. బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టాలి, రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ పేజీ మీద 108 నంబరు, అమ్మ ఒడి బండి 102 నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పుట్టిన గంటలోనే మీ సబ్బుతో స్నానం చేయించమన్నారు. కనీసం 24 గంటలు ఆగాలి. ఒంటి మీది తెల్లటి పూత బిడ్డకు రక్షణ, ముందే కడిగితే ఒళ్లు చల్లబడిపోతుంది. ఎండాకాలంలో రెండు చెంచాల నీళ్లు పట్టమన్నారు. ఆరు నెలలు నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు, తల్లిపాలలో నూటికి 88 వంతులు నీళ్లే. పాలు చాలుతున్నాయో లేదో ఉచ్చ లెక్క చెబుతుంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, ఐదో రోజు నుంచి ఆరుసార్లకు తగ్గకుండా పోస్తే పాలు చాలినట్టే.

సెలవు గురించి రాసిన అర పేజీ కూడా తప్పే. 'కాన్పు తర్వాత 12 వారాలు' అన్నారు. 2017 సవరణ నుంచి అది 26 వారాలు, అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇదే ఉంది. 12 వారాలు అప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్నవాళ్లకు. కాన్పుకు ముందటి 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. గర్భానికి రుజువు ఇస్తే కాన్పుకు ముందటి భాగం జీతం ముందుగానే, మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. జడ్చర్ల మందుల ఫ్యాక్టరీల్లో, మిర్యాలగూడ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు మీ పుస్తకాన్ని నమ్మి తొమ్మిదో నెల దాకా నిలబడి పనిచేస్తే వాళ్ల కాళ్ల వాపుకు, బీపీకి జవాబు ఎవరు చెబుతారు?

మేం అడిగేవి ఇవీ. ఇప్పుడు గోదాముల్లో ఉన్న కిట్ల నుంచి సీసా, రెండు రకాల నిపుల్స్, దిండు, పౌడర్ తీసేయండి. పుస్తకాన్ని వెనక్కి తీసుకుని, ప్రసూతి డాక్టరుకూ పిల్లల డాక్టరుకూ చూపించి మళ్లీ అచ్చు వేయండి. నూనె సీసా మీద తయారైన నెల, సంవత్సరం లేవు, అవి వేయండి. 'విప్పిన కిట్టును వాపసు తీసుకోము' అన్న నియమం తొలగించండి, లోపల ఏముందో విప్పకుండా ఎవరికి తెలుస్తుంది? వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది నెలల గర్భిణుల ఇళ్లలో ఈ సంచులు ఇప్పటికే సర్ది ఉన్నాయి. 'తేనె నిపుల్, దిండు వాడొద్దు, మిటెన్ లోపలి దారాలు కత్తిరించండి, కాన్పు లక్షణాల పేజీని నమ్మొద్దు' అని తెలుగులో వాళ్లందరికీ ఈ వారంలోనే మెసేజ్ పంపండి, చదవలేనివాళ్ల కోసం వాయిస్ మెసేజ్ కూడా.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాం. పాలసీసా విషయాన్ని జిల్లా వైద్యారోగ్య అధికారికి విడిగా రాస్తున్నాం. మిటెన్ లోపలి దారాల ఫొటోలు, 'ఉచితం' స్టిక్కర్ ఫొటో, పుస్తకంలో మేం గీత గీసిన పేజీల జిరాక్సులు ఈ లేఖతో జతచేశాం.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కాన్పు వార్డు నర్సులు
(సంతకాలు)