ఆదివారం కాల్: ఈసారి షాఖ్తార్ దొనెత్స్క్

అందరికీ నమస్కారం! ఆదివారం సాయంత్రం 6కి మన గ్రూప్ కాల్.

ఉక్రెయిన్‌కు చెందిన ఈ ఫుట్‌బాల్ క్లబ్ 1936లో బొగ్గు గనుల ఊరు దొనెత్స్క్‌లో పుట్టింది. షాఖ్తార్ అంటేనే గని కార్మికుడు. 2009 మేలో ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనల్లో జర్మనీ క్లబ్ వెర్డర్ బ్రెమెన్‌ను ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో ఓడించి, యూరప్ క్లబ్‌ల టోర్నీ అయిన యుయెఫా కప్ కొట్టింది. అదే ఏడు సొంతూళ్లో కొత్త స్టేడియం దొన్బాస్ అరీనా తెరిచారు. అయిదేళ్లకే, 2014లో యుద్ధం వల్ల ఊరు వదలాల్సి వచ్చింది. సొంత మ్యాచ్‌లు ల్వీవ్, ఖార్కివ్, కీవ్‌లలో ఆడింది... 2022 తర్వాత యూరప్ మ్యాచ్‌లకు వార్సా, హాంబర్గ్ కూడా. నాకైతే కప్పు కంటే ఈ తిరుగుడే పెద్ద కథ.

ఆ ఫైనల్ హైలైట్స్ చూసి రండి. లూయిజ్ అద్రియానో, జాద్సన్ గోల్స్ వదలొద్దు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే ‘సరే’ అని పెట్టండి. పోయినసారిలా కాల్ మొదలయ్యాక లింక్ అడగొద్దు బాబూ, పైన పిన్ చేసే ఉంది!