గోనెపట్టా కింద నీళ్ళ టిన్ను

అమ్మలూ,

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావని తెలుసు. ఫోన్లో అయితే నువ్వు నవ్వేస్తావు, నేనూ నవ్వేస్తాను, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే నీ పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు తీసి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

మొన్న ఆదివారం మీ హాస్టల్లో మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్ళు రాలేదన్నావు. నువ్వు ముందే ఒక టిన్ను కొని మంచం కింద పెట్టి, దుప్పటి కప్పి, గదిలో పిల్లలకు చెప్పలేదని కూడా అన్నావు. "నీ కూతుర్నే కదమ్మా" అని నవ్వావు. ఫోను పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా నిలబడిపోయాను.

నీకు గుర్తుందో లేదో అడగను. గుర్తుందనే అనుకుంటున్నాను.

2018 అక్టోబరు 11, దసరా నవరాత్రులు మొదలైన మరునాడు. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు అని తర్వాత పేపర్లో చదివాం. ఆ రాత్రి మనకు అంకెలేం తెలుసు? తలుపుకి నేనూ మీ నాన్నా వీపులు ఆనించి కూర్చున్నాం. పక్కింటి రేకులు లేచిపోయిన చప్పుడు విన్నాం. నేను మీ ఇద్దరితో "ఏమీ కాదు, పడుకోండి" అంటూనే ఉన్నాను. నీకు పన్నెండేళ్ళు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీ చెయ్యి వణుకుతోంది" అన్నావు. తమ్ముడు వెంటనే ఏడుపు మొదలుపెట్టాడు. అప్పటిదాకా వాడు నా మాట నమ్మాడు పాపం.

తెల్లారి చూస్తే మన తోటలో అరవై మూడు కొబ్బరి చెట్లకు పదకొండే నిలబడ్డాయి. జీడిమామిడి చెట్లయితే వేళ్ళతో సహా పడిపోయి ఉన్నాయి. మీ నాన్న అరుగు మీద కూర్చుని తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. రెండు రోజులు అలాగే ఉన్నాడు. మూడో రోజు గొడ్డలి తీసుకుని తోటలోకి వెళ్ళాడు. అక్కడ కూలబడి ఏడ్చాడని తమ్ముడు వచ్చి చెప్పాడు. కాసేపటికి మళ్ళీ వాడే పరిగెత్తుకొచ్చి, "నాన్న ముఖం కడుక్కున్నాడు, అన్నం పెట్టమంటున్నాడు" అన్నాడు. ఆ రెండో కబురు చెబుతున్నప్పుడు వాడి ముఖం చూడాల్సింది నువ్వు. మీ నాన్న విషయంలో నాకు ఏ బెంగా లేదు. నేను రాయాలనుకున్నది నా సంగతి.

కరెంటు లేదు, స్తంభాలన్నీ పడిపోయాయి. రెండు రూపాయలకు 20 లీటర్లు ఇచ్చే ప్లాంటు ఆగిపోయింది. మన ఉద్దానంలో బోరు నీళ్ళంటే అందరికీ భయమే. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎవరూ కచ్చితంగా తేల్చలేదు గానీ, జనం అనుమానమంతా ఆ నీళ్ళ మీదే. దేవుడు పెట్టినట్టు కొబ్బరిబొండాలు మాత్రం ఎక్కడ చూసినా రాలిపడి ఉన్నాయి. పిల్లలూ పెద్దలూ అవే తాగారు. రెండో రోజుకి వాటిని చూస్తేనే వికారం పుట్టింది. నాన్నమ్మ అవీ తాగకూడదు. కిడ్నీలు పాడైనవాళ్ళకు పొటాషియం ఎక్కువవుతుందని డాక్టరు వద్దన్నాడు. తుఫాను ముందురోజు నేను తెచ్చిన ఒక్క టిన్ను ఇంట్లో ఉంది. దాన్ని బియ్యం డ్రమ్ము వెనక పెట్టి గోనెపట్టా కప్పాను.

రెండో రోజు సాయంత్రం పక్కింటి అత్త వచ్చింది. తడిసిన చీరతోనే ఉంది, చేతిలో గిన్నె. "మంచినీల్లేటైనా ఉన్నాయేటి వదినా? మనవడు బొండం తాగనంటన్నాడు."

"లేవు వదినా. మాకూ అయిపోయాయి" అన్నాను. ఇంకో నాలుగు బొండాలు తీసుకెళ్ళమని కూడా అన్నాను, అదేదో పెద్ద దానమైనట్టు.

నువ్వు లాంతరు పట్టుకుని నా వెనకే ఉన్నావు. నేను ఆ మాట అనగానే డ్రమ్ము వైపు ఒకసారి చూశావు. తర్వాత లాంతరు కొంచెం కిందికి దించి నీ పరికిణీ చాటుకి పెట్టుకున్నావు, వెలుతురు అటు పడకుండా. నేను నీకు సైగ కూడా చెయ్యలేదు.

ముసలావిడ కోసం దాచానని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ రోజుకు లీటరుకు మించి తాగనివ్వొద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు. 20 లీటర్ల టిన్ను. లెక్క నీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగో రోజు ట్యాంకరు వచ్చేసరికి సగం పైన మిగిలే ఉంది. ఆ నీళ్ళతో అన్నం వండాను. అది కూడా నువ్వు తిన్నావు.

పోయినేడు సైకాలజీ పరీక్షకు చదువుతూ నాకొకటి వినిపించావు చూడు, 1985లో అమెరికాలో చేసిన ప్రయోగం. బల్ల మీద గాజుపలక, దాని కింద కొద్దిగా లోతు కనబడేలా ఏర్పాటు. ఏడాది పిల్లల్ని ఇటు పక్క వదిలి, తల్లిని అటు పక్క నిలబెట్టారు. తల్లి నవ్వుముఖం పెడితే 19 మందిలో 14 మంది దాటి వెళ్ళారట. భయం ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదట. తల్లులు నోరు విప్పి ఒక్క మాటా అనలేదు. ఇంకొకటి కూడా చదివావు. అసలు లోతే లేకుండా చేస్తే, పిల్లలు తల్లి ముఖం పెద్దగా చూడలేదట. ఎటూ తేలనప్పుడే చూస్తారన్నమాట. నువ్వు మార్కుల కోసం చదివి మర్చిపోయి ఉంటావు. నాకు మాత్రం అది ముల్లులా గుచ్చుకుంది. ఉన్నది పంచుకోవాలని మామూలు రోజుల్లో నీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! అవన్నీ నువ్వు విననే లేదేమో. ఆ సాయంత్రం మాత్రం చూశావు.

పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారని నేను అంతకుముందే గమనించాల్సింది. తుఫాను తర్వాత నేను పనిచేసే అంగన్‌వాడీ మళ్ళీ తెరిచిన వారమంతా అక్కడి పిల్లలు ఒకటే ఆట ఆడారు. ఒకడు గాలి, మిగతావాళ్ళు చెట్లు. వాడు "బూ" అంటూ పరిగెడితే వీళ్ళు దబదబా పడిపోవాలి. మూలన ఒకడు తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ఏం ఆడుతున్నావురా అంటే "నాను మా నాన్నని" అన్నాడు. ఒక గుంట చీపురుపుల్ల కలంలా పట్టుకుని "ఆధార్ జెరాక్సు తెచ్చినారా?" అని అందర్నీ వరసలో నిలబెట్టేది. ఇంకొకతి సుద్దముక్కలు కొవ్వొత్తులని చెప్పి, "ఒకటి పదిహేను రూపాయలు, ఇష్టమైతే తీసుకో" అని అమ్మేది. ఆ ధర ఏ కొట్లోదో ఊరందరికీ తెలుసు. నేను పడీపడీ నవ్వాను. వీళ్ళకి ఇదంతా ఎవరు నేర్పారో అని మీ నాన్నతో చెప్పుకుని మరీ నవ్వాను. నా ఇంట్లో లాంతరు పట్టుకున్న పిల్ల ఉందన్న సంగతి తోచనే లేదు.

నిన్ను తిట్టడానికి రాయలేదమ్మా ఇది. మంచం కింద టిన్ను పెట్టుకున్నావని నేను ఏ ముఖం పెట్టుకుని తిట్టేది? హాస్టల్లో ఆ పిల్లలకి చెబుతావో మానుతావో నీ ఇష్టం. దుప్పటి కప్పడం ఎక్కడిదో నీకు తెలియాలనిపించింది, అంతే.

నిన్న అత్తకి చెప్పేద్దామని వెళ్ళాను. ఆవిడ వాకిట్లో చేపలు తోముతోంది. పిల్లి చుట్టూ తిరుగుతుంటే దాన్ని అదిలిస్తూ నాతో మాట్లాడింది. ఆ మనవడు ఇప్పుడు నాకంటే పొడుగయ్యాడు, సైకిలు మీద వచ్చి "కూకో అత్తా" అని పీట వేశాడు. అరగంట కూర్చుని, రెండు చేపలు తీసుకుని వచ్చేశాను. నోరు రాలేదు.

దసరా సెలవులకు వస్తావు కదా, అప్పుడు నాతో ఒకసారి వాళ్ళింటికి రా. చెప్పేది నేనే. నువ్వు మాట్లాడక్కర్లేదు, నా వెనక నిలబడు.

జీడిపప్పు, చేగోడీలు బస్సుకి వేస్తున్నాను. ఈసారి నలుగురికీ సరిపడా కట్టాను.

అమ్మ